వైద్యవిద్యయు, నర్సు విద్యయు: కష్టమునకు కొలత యేది?

ప్రతి సంవత్సరము ప్లస్ టూ పరీక్షాఫలితములు వెలువడు దినములలో తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతములందలి మన తెలుగు ఇండ్లలో ఒక చర్చ జరుగుట కద్దు. అమ్మాయికి మంచి మార్కులు వచ్చినచో “డాక్టరు చదువు చదివింపవలెను” అందురు. మార్కులు కొంచెము తగ్గినచో “పోనీ, నర్సు చదువైనను చదివింతము” అందురు. ఆ “ఐనను” అను చిన్నమాటలో ఒక పెద్ద తీర్పు దాగియున్నది. వైద్యవిద్య కఠినము, నర్సు విద్య సులభము. మొదటిది అందనివారికే రెండవది అనునదియే ఆ తీర్పు.

ఈ తీర్పు న్యాయమైనదా యని చరిత్రను అడిగి చూచుట మంచిది. అందుకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. తిరుత్తణిలో రైలెక్కి అరక్కోణములో బండి మారినచో తూర్పున మద్రాసు, పడమట కాట్పాడి మీదుగా మన పెద్దలు రాయవేలూరని పిలిచిన వేలూరు. ఉత్తరముగా పోయినచో తిరుపతి. దక్షిణ భారతమున ఈ రెండు విద్యల కథలో ముఖ్యఘట్టములు పెక్కు ఈ మూడు ఊళ్ల నడుమనే జరిగినవి.

మొదట ప్రాచీనుల మాట తలచుకొందము. చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, ఉపచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. వైద్యునకు శాస్త్రజ్ఞానము, పెక్కు చికిత్సలు కన్నులార చూచిన అనుభవము, దక్షత, శుచిత్వము ఉండవలెను. ఉపచారకునకు ఉపచారము తెలిసియుండుట, దక్షత, రోగియందు అనురాగము, శుచిత్వము ఉండవలెను. చరకుడు నాలుగు పాదములలో వైద్యునకే ప్రాధాన్యమిచ్చెను. ఆ మాట దాచనక్కరలేదు. కాని ఇరువురి గుణములను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో దక్షత, శుచిత్వము అను రెండును ఇరువురకు సమానములే. వేరుపడినవి తక్కిన రెండు మాత్రమే. ఒకరికి శాస్త్రము, అనుభవము. మరియొకరికి ఉపచారజ్ఞానము, అనురాగము. ఉపచారము కూడ తెలిసికొనవలసిన విద్యయే యని ఆ గ్రంథము ఒప్పుకొన్నది. లోకము మాత్రము చాలకాలము ఒప్పుకొనలేదు.

ఆధునిక కాలమునకు వత్తము. మద్రాసులో 1835లో వైద్యపాఠశాల వెలసెను. 1850లో అది కళాశాల ఆయెను. 1854లో మంత్రసానులకు శిక్షణ యిచ్చు పాఠశాలకు ప్రభుత్వము అనుమతి యిచ్చెను. 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ ఆరంభమయ్యెను. ఇంగ్లండు నుండి వచ్చిన నర్సులు దానిని నడపిరి. అంతకు ముందే మంత్రసాని పరీక్షలో ఉత్తీర్ణులైనవారు తొలి విద్యార్థినులైరి. అనగా డాక్టరు చదువునకును నర్సు చదువునకును నడుమ 36 సంవత్సరముల యెడమున్నది. ఆ నడిమి కాలమున ఆసుపత్రులలో రోగులను చూచుకొన్నవారు లేరా? ఉండిరి. కాని వారి పనిని చదువని ఎవరును తలపలేదు.

ఈ వెనుకబాటు అటు పిమ్మటను పోలేదు. మద్రాసు రాజధానిలో డాక్టర్ల పేర్లు నమోదు చేయు చట్టము 1914లో వచ్చినది. నర్సులకును మంత్రసానులకును అట్టి చట్టము 1926లో వచ్చినది. అఖిల భారత వైద్యమండలి చట్టము 1933 నాటిది. నర్సింగు మండలి చట్టము 1947 నాటిది. మన కాలముననే చూడుడు: జాతీయ వైద్య కమిషను చట్టము 2019లో కాగా, నర్సింగునకు సంబంధించిన కమిషను చట్టము 2023లో చేయబడెను. ప్రతి మెట్టునందును నర్సు డాక్టరునకు కొన్ని యేండ్లు వెనుక నిలిచినది. చదువు తేలిక యగుటచే ఇట్లు జరిగినదా, లేక ఆ చదువును ఎంచువారు లేకపోవుటచే జరిగినదా యన్నది ఆలోచింపదగినది.

వైద్యవిద్య కష్టము కాదని ఎవరును అనజాలరు. అందు చేరుటయే ఒక తపస్సు. స్త్రీలకైతే ద్వారమే మూసియుండెను. 1875లో మేరీ షార్లీబుతో కలిపి నలుగురు స్త్రీలు మద్రాసు వైద్యకళాశాలలో చేర్చుకొనబడిరి. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ఆ కళాశాల నుండి పట్టము పొందినది 1912లో. పురుషులకును ఆ మార్గము పూలబాట కాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు ఖద్దరు ధరించినందున ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువ స్థాయిదగు ఎల్.ఎం.ఎస్. తోనే బయటపడవలసి వచ్చెను. తరువాత అమెరికాలో ఆయన చేసిన పరిశోధనలు లోకమెరిగినవే. పరీక్ష యిచ్చిన అంతస్తు వేరు, మనిషి యోగ్యత వేరు అనుటకు ఇంతకన్న దృష్టాంతము వెదకనక్కరలేదు.

ఇక రెండు విద్యలును ఒకే ప్రాంగణమున పెరిగిన చోటు వేలూరు. ఆ కథ మన కథ కూడను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు తిరుత్తణియు, వేలూరును ఉత్తర ఆర్కాటు అను ఒకే జిల్లాలోనివి. తిరుత్తణిలో 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారును తిరుపతిలో కొంతకాలము చదివి, పిదప వేలూరు ఊరీసు కళాశాలలోనే చదివి, అక్కడనుండి మద్రాసు క్రైస్తవ కళాశాలకు పోయిరి. బంధువొకరు తాము చదివి ముగించిన తత్త్వశాస్త్ర గ్రంథములను ఇచ్చుటచే ఖర్చు కలిసివచ్చి ఆయన ఆ శాస్త్రమును ఎన్నుకొనెనని ప్రసిద్ధి. పేదయింటి పిల్లవానికి చదువు ఎట్లు నిర్ణయమగునో ఆ ఒక్క ముచ్చట చెప్పును. నర్సు చదువు విషయమునను ఈ సంగతి మరల మనకు ఎదురగును.

వేలూరు ఆసుపత్రిని స్థాపించిన డాక్టర్ ఐడా స్కడ్డర్ అమెరికా మిషనరీ కుటుంబమునకు చెందినది. యువతిగా ఆమె తిండివనములో తల్లిదండ్రుల యింట నున్నపుడు ఒకే రాత్రి ముగ్గురు పురుషులు, ఒకరి వెనుక ఒకరు, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలకు సాయము చేయుమని వచ్చిరట. ఆమెకు వైద్యము తెలియదు. వైద్యుడగు ఆమె తండ్రిని పిలుచుకొనుటకు వారి ఆచారము ఒప్పలేదు. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆమె అమెరికాకు పోయి 1899లో కార్నెల్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొంది, 1900లో వేలూరున ఒక్క పడకతో వైద్యము మొదలుపెట్టెను. 1902లో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరువబడెను.

ఇచ్చట గమనింపవలసిన విశేషమొకటి కలదు. ఆమె మొదట తెరచినది వైద్యపాఠశాల కాదు. 1909లో డెలియా హౌటన్ అను నర్సు ఆధ్వర్యమున నర్సుల పాఠశాల వెలసినది. మహిళల వైద్యపాఠశాల 1918లో, అనగా తొమ్మిదేండ్ల తరువాత, వచ్చినది. కారణము ఊహింపవచ్చును. శస్త్రచికిత్స చేయు చేయి ఒకటి చాలును. కాని ఆ చికిత్స పొందిన రోగి రాత్రంతయు బ్రదికియుండవలెనన్నచో, నాడి చూచుటకు, కట్టు తడిసినదేమో కనిపెట్టుటకు, జ్వరము పెరిగినపుడు పిలుచుటకు శిక్షణ పొందిన కన్నులు ప్రక్కన మేల్కొని యుండవలెను. ఆసుపత్రి నడపినవారికి ఈ సత్యము ఆరంభముననే తెలిసినది. మద్రాసులో 36 ఏండ్లు వెనుకబడిన విద్య వేలూరులో తొమ్మిదేండ్లు ముందు నడచినది.

పట్టము దగ్గరకు వచ్చునప్పటికి మరల క్రమము మారినది. 1918 నాటి పాఠశాల ఎల్.ఎం.పి. అను లైసెన్సు చదువునకు మాత్రమే, 1942లో ఎం.బి.బి.ఎస్. తరగతి ఆరంభమయ్యెను. నర్సింగులో నాలుగేండ్ల బి.ఎస్సి. 1946లో వచ్చెను. అదే సంవత్సరము ఢిల్లీలోను అట్టి కళాశాల తెరువబడెను. నర్సు చదువు విశ్వవిద్యాలయపు గడప తొక్కుట మన దేశమున అదియే ప్రథమము. మగపిల్లలను వైద్యకళాశాలలో చేర్చుకొనుట 1947 నుండి.

ఆ తొలి తరముల నర్సు విద్యార్థిని దినచర్య యెట్టిది? తెల్లవారకముందే లేచి వార్డునకు పోవలెను. రోగులకు ఒళ్లు తుడిచి, పడకలు సర్ది, వేడి, నాడి వ్రాసి, సాధనములు మరిగించి, గాయములు కడిగి కట్లు కట్టవలెను. మలమూత్రముల పాత్రలు తీయవలెను. ఇన్నియు ముగిసిన పిమ్మట, అలసిన కన్నులతో, శరీరశాస్త్రము, ఔషధముల మోతాదులు, క్రిమిశాస్త్రము వినవలెను. రాత్రి డ్యూటీ చేసి పగలు పాఠమునకు కూర్చుండు దినములు కలవు. వైద్యవిద్యార్థి వార్డునకు నేర్చుకొనుటకై పోవును. ఆతడు ఒకనాడు పోకపోయినను ఆసుపత్రి నడచును. నర్సు విద్యార్థిని నేర్చుకొనుచునే ఆసుపత్రిని నడపవలెను. ఆమె రానిచో రోగికి నీళ్లిచ్చు దిక్కుండదు.

కష్టమును కొలుచుటలో జరిగిన పొరపాటు ఇందే యున్నది. వైద్యవిద్యార్థి తన చదువునకు మూల్యమును ధనరూపమున చెల్లించెను. నర్సు విద్యార్థినికి భోజనము, వసతి, కొలది స్టైపెండు లభించెను; అందుచే పేదయింటి పిల్లకును ఆ చదువు అందినది. కాని ఆమె మూల్యము చెల్లింపలేదని భ్రమపడరాదు. శ్రమరూపమున చెల్లించినది. ధనమునకు రశీదు ఉండును. శ్రమకు రశీదు లేదు. కనుకనే మొదటి చదువు గొప్పదిగను, రెండవది తేలికగను కనబడెను. ప్రవేశద్వారము ఇరుకైన విద్యను లోకము కఠినమనును. ద్వారము దాటిన పిదప మోయవలసిన బరువును లెక్కింపదు.

దీనికి తోడు సంఘమిచ్చు కష్టము వేరు. డాక్టరు కాదలచిన ఆడపిల్లను ఊరు ఆశ్చర్యముతో చూచెను. నర్సు కాదలచిన పిల్లను అనుమానముతో చూచెను. పరపురుషుని దేహము తాకుట, రాత్రులు ఇల్లు విడిచి యుండుట, రక్తమును మలినమును ముట్టుకొనుట గౌరవము కాదనిరి. పల్లెలలో పురుడు పోయు పని కొన్ని కులముల స్త్రీలకు వదలివేయబడి, వారి నేర్పు ఎంతటిదైనను మైల పేరనే చూడబడుచుండెను. అందుచే తొలి తరములలో నర్సు విద్యకు వచ్చినవారు అధికముగా క్రైస్తవ స్త్రీలు. పిదప వితంతువులు, పుట్టినిల్లు మెట్టినిల్లు రెండును ఆదుకొనని స్త్రీలు. వారు మోసిన ఈ బరువు ఏ పరీక్షాపత్రమునందును కనబడదు.

దేశమునకు దీనివలన కలిగిన నష్టమును భోర్ సంఘపు నివేదిక అంకెలతో చూపినది. 1943లో నియమింపబడిన ఆ సంఘము 1946లో నివేదిక సమర్పించెను. నాడు బ్రిటిషు ఇండియాలో డాక్టర్లు సుమారు 47,500 మంది. నర్సులు సుమారు 7,000 మంది. డాక్టరు 6,300 మందికి ఒకడు. నర్సు 43,000 మందికి ఒకతె. అదే కాలమున ఇంగ్లండులో వేయి మందికి ఒక డాక్టరు, 300 మందికి ఒక నర్సు. అచ్చట ఒక డాక్టరునకు ముగ్గురు నర్సులుండగా, ఇచ్చట ఏడుగురు డాక్టర్లకు ఒక నర్సు. నర్సుల వసతి, జీతములు, పనిగంటలు శోచనీయముగా నున్నవని సంఘము స్పష్టముగా చెప్పినది. చదువు నిజముగా సులభమైనచో, ఉద్యోగము సుకరమైనచో, జనులు ఎగబడి చేరి యుండెడివారే గదా! చేరలేదనుటయే దాని కాఠిన్యమునకు సాక్ష్యము.

మన తెలుగువారిలో ఈ సంగతిని గుర్తించి పనిచేసినవారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అగ్రగణ్యురాలు. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన ఆమె 1937లో మద్రాసు నగరమున ఆంధ్రమహిళాసభను స్థాపించినది. చిన్ననాట చదువు మానుకొన్న స్త్రీలను కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు సిద్ధము చేయుట ఆ సభ చేసిన తొలి కృషులలో నొకటి. ఏ శిక్షణకైనను ముందు ఆ గడప దాటవలసి యుండుటయే కారణము. ఆమె 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలైన పిదప, 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాప్రణాళిక దేశమంతట ఆరంభమయ్యెను. బడి విడిచిన స్త్రీ స్వల్పకాలమున పరీక్ష నెగ్గి, ఉపాధ్యాయిని గానో, నర్సు గానో, గ్రామసేవిక గానో తన కాళ్లపై తాను నిలువగలుగుట దాని లక్ష్యము. నర్సు విద్య మిగిలిపోయినవారి చదువు కాదు, నిలువదలచినవారి చదువు అని చూపిన కృషి యిది. అదియును తమిళ సీమలో నివసించిన తెలుగువారి సంస్థ నుండి మొలకెత్తినది యగుట మనకు గర్వకారణము.

ఇక మన తాలూకా సంగతి. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాతో ఆంధ్రమున చేరెను. పటాస్కర్ నిర్ణయము ననుసరించి 1959లో చేయబడిన చట్టముచే 1960 ఏప్రిల్ 1వ తేదీన మద్రాసు రాష్ట్రమున చెంగల్పట్టు జిల్లాలో చేరెను. ఆ 1960లోనే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్యకళాశాల వెలసినది. ఆ సంవత్సరమే మద్రాసులో కీల్పాక్ వైద్యకళాశాలయు వెలసినది. తిరుత్తణి పిల్లకు తిరుపతి కళాశాల పొరుగు రాష్ట్రపుదాయెను. మద్రాసు కళాశాల సొంత రాష్ట్రపుదైనను, ఇంట తెలుగు, వీధిలో తమిళము, తరగతిలో ఇంగ్లీషు అను మూడు భాషల మెట్లెక్కి చేరవలసి వచ్చెను. సరిహద్దున నివసించువారి చదువుల కష్టములో ఇది యొక పాలు. దీనిని ఏ మార్కుల పట్టికయు చూపదు.

అయితే అదే కష్టము నర్సు వృత్తియందు వరముగా మారును. వేలూరు ఆసుపత్రికి చిత్తూరు, తిరుపతి ప్రాంతముల నుండి, ఆవలి తెలుగు జిల్లాల నుండి వచ్చు రోగులు తరతరములుగా పెక్కుమంది. నొప్పి కలిగినపుడు మనిషి నేర్చిన భాషలో కాక పుట్టిన భాషలో మూలుగును. “గుండెల్లో పట్టేసినట్టుంది”, “కడుపులో దేవేస్తోంది”, “కళ్లు బైర్లు కమ్ముతున్నాయి” అని ఒక ముదుసలి చెప్పినపుడు, మూడు మాటలకు మూడు వేరు అర్థములున్నవని గ్రహించి డాక్టరునకు చెప్పగల నర్సు ప్రక్కన నుండుట సామాన్యమైన సాయము కాదు. తమిళము, తెలుగు రెండును ఒడిలో నేర్చిన మన యింటి పిల్లలకు ఆ శక్తి సహజముగా కలదు. ఇండ్లలో తెలుగు నిలుపుకొనుట వలన ప్రయోజనమేమి యని అడుగువారికి ఇదియు ఒక సమాధానము.

నేటి స్థితి కొంత మారినది. 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడెను. 2022 జనవరిలో ప్రారంభింపబడిన పదకొండు ప్రభుత్వ వైద్యకళాశాలలలో తిరువళ్లూరుది యొకటి. తమిళనాట 2017 నుండి వైద్యకళాశాల ప్రవేశము నీట్ పరీక్షపై ఆధారపడుచున్నది. 2020లో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు 7.5 శాతము స్థానములు ప్రత్యేకింపబడినవి. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర యేండ్ల చదువు, ఒక యేడు హౌస్ సర్జను పని. దాని పిదప పై చదువులు. బి.ఎస్సి. నర్సింగు నాలుగేండ్లు, శరీరశాస్త్రము మొదలు క్రిమిశాస్త్రము, ఔషధశాస్త్రము, మనశ్శాస్త్రము, గ్రామారోగ్యము వరకు చదువుచు, వార్డులో నిర్ణీత గంటలు పని చేయవలెను. నర్సులు సముద్రములు దాటి పోయి కుటుంబములను నిలువబెట్టుచున్నారు. ఒకప్పటి అనుమానపు చూపు చాలవరకు తగ్గినది. “ఐనను” అను మాట మాత్రము ఇంకను మన నాలుకలను వీడలేదు.

అట్లయిన ఏది కఠినము? రోగమేమో నిర్ణయించుట, కత్తి పట్టుట, తన నిర్ణయముపై ఒక ప్రాణము ఆధారపడియున్నదని తెలిసియు చేయి వణకకుండుట వైద్యుని కష్టము. ఆతడు చదువవలసిన శాస్త్రము లోతైనది, ఏండ్లు దీర్ఘమైనవి. ఆ గౌరవమును తగ్గింపవలసిన పని లేదు. కొన్ని నిమిషములు చూచి డాక్టరు వెడలిన పిదప, ఆ మంచము ప్రక్క ఎనిమిది గంటలు నిలిచి, ఒక చుక్క మందు ఎక్కువ కాకుండ, ఒక మార్పు కన్ను దాటకుండ, విసుగు ముఖమున కనబడకుండ పని చేయుట నర్సు కష్టము. మొదటిది లోతునకు సంబంధించిన కష్టము, రెండవది ఎడతెగమికి సంబంధించిన కష్టము. బావి లోతును, బాట పొడవును ఒకే కొలబద్దతో కొలువరాదు.

కావున మన యిండ్లలో రానున్న ఫలితముల దినమున పిల్లను అడుగవలసిన ప్రశ్న “నీకెన్ని మార్కులు?” అనునది మాత్రమే కాదు. “ఏ విధమైన కష్టమును నీవు ప్రేమతో మోయగలవు?” అనియు అడుగవలెను. ఆమె నర్సు చదువును కోరినచో, అది డాక్టరు చదువు చేజారినందుకు దొరికిన ఊరటగా కాక, చరకుడు చెప్పిన నాలుగు పాదములలో ఒక పాదముగా నిలుచు నిశ్చయముగా ఎంచి, సంతోషముతో పంపుదము. డాక్టరమ్మ వచ్చినపుడు లేచి నిలుచు మన పెద్దలు నర్సమ్మ వచ్చినపుడును లేచి నిలిచిన నాడు, 1871 నుండి మిగిలియున్న ఆ 36 ఏండ్ల యెడము మన యిండ్లలోనైనను తీరినట్లగును.